కూల్చాల్సింది బిల్డింగా, వెనక గోడా?

ప్రశ్న: సికింద్రాబాద్ పాత బజారులో మా తాతగారు 1950లలో కట్టించిన బిల్డింగ్ ఉంది. స్థలం 180 గజాలు. కింద ఐదు మడిగెలు, పైన ఒక గోడౌన్. ఇటుక, డంగు సున్నం గోడలు. గర్డర్ల మీద షాబాద్ బండలు పరిచిన కప్పు. నాకూ తమ్ముడికీ సమాన వాటా. మొత్తం అద్దె నెలకు 1.10 లక్షలు. ఒక మడిగె మాత్రం 40 ఏళ్లుగా ఒకే కుటుంబం దగ్గరుంది, వాళ్లిచ్చేది 3,000. రెండు వానాకాలాలుగా వెనక గోడ చెమ్మెక్కి బీటలు వారింది, మధ్యలో కాస్త ఉబ్బింది. ఒక మేస్త్రీ 22 లక్షలకు రిపేరు చేస్తానంటున్నాడు. ఒక బిల్డర్ మొత్తం కూల్చి మూడంతస్తులు కట్టడానికి 1.10 కోట్లు, జీఎస్టీ అదనం అన్నాడు. అప్పుడు అద్దె 2.10 లక్షలు వస్తుందట. మా దగ్గర ఎఫ్‌డీల్లో 30 లక్షలున్నాయి. ఏం చేయమంటారు సార్?
– ఒక పాఠకుడు, సికింద్రాబాద్

జవాబు: డబ్బు లెక్క తర్వాత చూద్దాం. ముందు ఈ వారంలోనే ఆ ఉబ్బిన గోడను ఆనుకుని ఉన్న మడిగెను, పైన గోడౌన్‌లో ఆ వైపున్న సరుకును ఖాళీ చేయించి, కప్పుకు సపోర్టులు పెట్టించండి. 2013 జులైలో సిటీ లైట్ హోటల్ కూలి పదిమందికి పైగా చనిపోయింది మీ సికింద్రాబాద్‌లోనే. అదీ పాత కట్టడమే. ‘ఇన్నేళ్లు నిలబడింది, ఈ వానాకాలం నిలబడదా’ అనుకోవద్దు. ఫైర్ ఇన్సూరెన్స్ పాలసీ ఉంది కదా అన్న ధీమా కూడా వద్దు. పాతబడి, పట్టించుకోక కూలిన గోడకు అది డబ్బివ్వదు.

ఇక 22 లక్షల సంగతి. ఆ అంకె ఇచ్చింది మేస్త్రీ. పని చేసేవాడే జబ్బేమిటో కూడా చెప్పేస్తే ఎలా? లైసెన్స్ ఉన్న స్ట్రక్చరల్ ఇంజినీర్‌ను పెట్టుకుని ఒకే ఒక ప్రశ్న అడగండి: గోడ ఉబ్బింది నీళ్ల వల్లా, పునాది దిగడం వల్లా? వెనక డ్రైనేజీయో వాన నీటి పైపో కారుతూ గోడ తడుస్తుంటే దాన్ని ఆపి గోడను బాగుచేసుకోవచ్చు. పునాదే కుంగుతుంటే పైన ఎంత పోసినా దండగ. బీటల మీద అడ్డంగా సన్నని గాజు ముక్కలు అతికించి, పక్కన తేదీ రాయమనండి. గాజు పగిలిందంటే గోడ ఇంకా కదులుతోందని అర్థం. ఖర్చు లేని పరీక్ష ఇది. స్ప్రింగు సుత్తితో గోడను కొట్టి రిపోర్టు ఇస్తామని ఎవరైనా వస్తే మాత్రం పంపేయండి, అది కాంక్రీటుకు చేసే పరీక్ష.

నేను ఇంజినీర్‌ను కాను. కానీ ఇలాంటి ఎస్టిమేట్లు చాలా చూశాను. వాటిలో సగం డబ్బు పాత పూత చెక్కేసి సిమెంట్ ప్లాస్టరింగ్ చేయడానికి, పైన వాటర్‌ప్రూఫ్ రంగుకు పోతుంది. సున్నం గోడ లోపలి తేమను బయటికి వదులుతుంది. దాని మీద సిమెంట్ పూస్తే తేమ లోపలే ఉండిపోయి రెండు మూడేళ్లలో పూత పొట్టులా ఊడుతుంది. మీ 22 లక్షల్లో గోడకెంత, మేకప్‌కెంత? విడివిడిగా రాయించుకోండి.

ఇప్పుడు కూల్చడం. బిల్డర్ చెప్పిన 1.10 కోట్లకు 18 శాతం జీఎస్టీ కలిపితే 1.30 కోట్లు. కట్టుబడి మీద కట్టిన ఆ పన్నును అద్దెల మీది జీఎస్టీతో సర్దుకునే వీలుండదు. అనుమతులు, ఆర్కిటెక్టు, శిథిలాల తరలింపుకు నా అంచనా 6 లక్షలు. కట్టడం పూర్తయ్యే రెండేళ్లలో పోయే అద్దె 26.4 లక్షలు. ఎఫ్‌డీల్లోంచి 20 లక్షలు పెట్టినా 1.16 కోట్లు అప్పు చేయాలి. 10.5 శాతం వడ్డీ అనుకుందాం. రెండేళ్లలో సగటున సగం అప్పే విడుదలైనా వడ్డీ 12 లక్షలు, అదీ రూపాయి అద్దె రాని రోజుల్లో కట్టాలి. అన్నీ కలిపితే 1.74 కోట్లు. అదనంగా వచ్చే అద్దె ఏడాదికి 12 లక్షలు, అంటే ఏడు శాతం కూడా కాదు. పదిన్నరకు తెచ్చి ఏడుకు పెట్టడమన్నమాట.

నెలవారీగా చూస్తే ఇంకా బాగా అర్థమవుతుంది. పదిహేనేళ్ల అప్పుకు ఈఎంఐ సుమారు 1.28 లక్షలు. 2.10 లక్షల అద్దెలో మీ అన్నదమ్ములకు మిగిలేది 82 వేలు. ఇప్పుడు 1.10 లక్షలు వస్తున్నాయి! అద్దెలు పెరుగుతాయి, బిల్డింగ్ కొత్తది, నిజమే. కానీ ఆ 2.10 లక్షలే నాకు అనుమానం. మీ పాత బిల్డింగ్ బహుశా గోడకు గోడ ఆనించి కట్టి ఉంటారు. కొత్తగా కడితే సెట్‌బ్యాక్‌లు, అంటే హద్దుల వెంట ఖాళీ జాగా, వదలాలి, పార్కింగ్ చూపించాలి. అద్దె ఎక్కువ పలికే కింది అంతస్తులోనే జాగా తగ్గుతుంది. బిల్డర్ ఆ అంకెను ప్లాన్ గీయించి చెప్పాడో, నోటి మాటగా చెప్పాడో కనుక్కోండి. ‘కూల్చడం ఫ్రీ’ అన్నా మురిసిపోకండి. పాత టేకుకు, గర్డర్లకు మార్కెట్లో మంచి ధరే పలుకుతుంది.

3,000 అద్దె కుటుంబం సంగతి కూడా ఉంది. తెలంగాణలో ఇంకా 1960 నాటి అద్దె నియంత్రణ చట్టమే నడుస్తోంది. నగరాల్లో నెలకు 3,500 దాటిన అద్దెలకు అది వర్తించదు, అంటే మిగతా వాళ్లకు చట్టప్రకారం నోటీసిచ్చి ఖాళీ చేయమని అడగొచ్చు. ఈ ఒక్క మడిగెకు మాత్రం వర్తిస్తుంది. తిరిగి కట్టడానికి ఖాళీ చేయించాలంటే రెంట్ కంట్రోలర్ దగ్గరికి వెళ్లాలి, ఎన్నేళ్లు పడుతుందో చెప్పలేం. రాజీ కుదుర్చుకుంటే ఆ డబ్బూ పై లెక్కలోకే వస్తుంది. అడ్వాన్సులెంత తీసుకున్నారో మీరు రాయలేదు, అవీ తిరిగివ్వాలి.

కాబట్టి పునాది బాగుందని ఇంజినీర్ రాసిస్తే నేను మూడో దారి చెబుతాను. కప్పును సపోర్టుల మీద నిలిపి ఆ వెనక గోడ ఒక్కటే దించి మళ్లీ కట్టండి. పైపులు మార్చండి, తుప్పు పట్టిన గర్డర్ల చివర్లు చూపించండి. రంగుల జోలికి పోవద్దు. బయటి గోడ తిరిగి కట్టడానికి అనుమతి కావాలా అని మున్సిపల్ టౌన్ ప్లానింగ్ వాళ్లను రాతపూర్వకంగా అడగండి. ఖర్చు 28 లక్షలకు పెరిగి, మధ్యలో 3 లక్షల అద్దె పోయి, బిల్డింగ్ పన్నెండేళ్లే నిలిచినా ఏడాదికి పడేది 2.6 లక్షలు. అద్దె 13.2 లక్షలు.

ఇందులో 18 లక్షలు ఎఫ్‌డీల్లోంచి తీయండి. 10 లక్షలు అయిదేళ్లకు అప్పు తీసుకుంటే అదే వడ్డీకి ఈఎంఐ 21,500 దాకా ఉంటుంది, అద్దెలోంచే పోతుంది. మిగిలిన 12 లక్షలు ముట్టుకోకండి, పాత గోడ విప్పాక ఏం బయటపడుతుందో ఎవరికి తెలుసు? రిపేరు బిల్లులు చూపించి పన్ను తగ్గించుకుందామంటే కుదరదు. మీరు ఖర్చు పెట్టినా పెట్టకపోయినా అద్దె ఆదాయంలో 30 శాతం మినహాయింపు ఎలాగూ వస్తుంది. రిపేరు కోసం తెచ్చిన అప్పు మీద వడ్డీని మాత్రం విడిగా తగ్గించుకోవచ్చు, ఎవరి వాటా వాళ్లు.

పునాది పోయిందని తేలితే నా సలహా మారుతుంది, కూల్చాల్సిందే. అప్పుడు కూడా కిరాయిదారులతో ఒప్పందం, ప్లాన్ అనుమతి, బ్యాంకు మంజూరు పత్రం మూడూ చేతికొచ్చాకే కట్టుబడి ఒప్పందం మీద సంతకం పెట్టండి. ఈలోపు ప్రమాదంగా ఉన్న భాగంలో మనుషులను ఉండనివ్వొద్దు.

ఏ దారి పట్టినా, మాస్టర్ ప్లాన్‌లో మీ వీధికి రోడ్డు వెడల్పు ఎంత చూపించారో ముందు చూడండి. ఆ రోడ్డు గీత మీ మడిగెల మీదుగా పోతుంటే ముందు భాగంలో రూపాయి కూడా పెట్టకుండా మళ్లీ నాకు రాయండి.