ఎమ్మెల్యేకు రాసిన ఉత్తరాలు గడువును ఆపవు

ప్రశ్న: మాది నెల్లూరు జిల్లా పొదలకూరు మండలం. సాగునీటి కాలువ కోసం మా రెండెకరాల నిమ్మతోట తీసుకున్నారు. జనవరి 20న అవార్డు (పరిహారం ఎంతో తేల్చే ఉత్తర్వు) ఇచ్చారు. ఫిబ్రవరి 6న నోటీసు నా చేతికొచ్చింది. ఎకరా ఆరు లక్షల లెక్కన కట్టారు. పల్లె భూములకు గుణకం (మార్కెట్ విలువను హెచ్చవేసే అంకె) 2 దాకా ఇవ్వొచ్చని చట్టంలో ఉన్నా, మన దగ్గర 1.25 అంటున్నారు. ఈ విధానం మార్చమని మా ఎమ్మెల్యేకు ఆరు ఉత్తరాలు స్పీడ్ పోస్టులో పంపాను. ఒక్కదానికీ జవాబు లేదు. ఓటు వేసింది ఇందుకేనా అనిపిస్తోంది. ఆ టెన్షన్‌కి నిద్ర పట్టడం లేదు. మధ్యలో నాన్నగారికి పక్షవాతం వచ్చి రెండు నెలలు ఆస్పత్రిలో ఉన్నాం. ఇప్పుడు జూలై వచ్చింది. సంతకం పెట్టి డబ్బు తీసుకోమంటున్నారు. పాత తేదీతో అర్జీకి ఇన్‌వర్డ్ స్టాంపు వేయిస్తానని ఒకాయన పదివేలు అడుగుతున్నాడు. ఎమ్మెల్యే మీద కేసు వేయవచ్చా? (ఉత్తరం కుదించాం.)

జవాబు: వేసినా నిలవదు. ‘ఈ పని చెయ్యి’ అని హైకోర్టు ఎవరినైనా ఆదేశించాలంటే, ఆ పని చేసే బాధ్యత చట్టం వారి మీద పెట్టి ఉండాలి. ఓటరు ఉత్తరానికి ఎమ్మెల్యే ఇన్ని రోజుల్లో జవాబివ్వాలని ఏ చట్టమూ చెప్పలేదు. ఆ విషయం ఇక్కడితో వదిలేయండి.

మీరు నాలుగు పేజీలు రాశారు. అందులో మూడున్నర పేజీలు ఎమ్మెల్యే గురించే. నాన్నగారి అనారోగ్యం గురించి ఒక్క వాక్యం. మీ కేసంతా ఆ ఒక్క వాక్యంలోనే ఉంది.

ఎందుకో చెప్తాను. పరిహారం చాలలేదనుకున్న రైతుకు 2013 భూసేకరణ చట్టం 64వ సెక్షన్ దారి ఇచ్చింది. నా పరిహారం విషయం అథారిటీకి (భూసేకరణ పరిహారం వివాదాలు తేల్చే సంస్థ) పంపండి అని కలెక్టరుకు రాతపూర్వకంగా, కారణాలు చూపి అర్జీ ఇవ్వాలి. అవార్డు ఇచ్చినప్పుడు ఎదురుగా ఉన్నవారికి ఆ రోజు నుంచి ఆరు వారాలు గడువు. లేనివారికి నోటీసు అందిన ఆరు వారాలు, లేదా అవార్డు నుంచి ఆరు నెలలు. ఈ రెంటిలో ఏది ముందు ముగిస్తే అదే గడువు. మీకు నోటీసు అందింది ఫిబ్రవరి 6న. ఆరు వారాలు మార్చి 20తో అయిపోయాయి. ఆ తర్వాత మీరు మూడు ఉత్తరాలు పోస్టు చేశారు.

ఈ సెక్షన్‌లో ఒక చిక్కుంది. అక్కడ ‘21వ సెక్షన్ నోటీసు’ అని రాశారు. అది అవార్డుకు ముందు వచ్చే నోటీసు. అవార్డు తర్వాత మీకిచ్చేది 37వ సెక్షన్ నోటీసు. దీని మీద వాదించుకోవచ్చు, కానీ ఆ వాదన మీద భారం వేసి కూర్చోకండి. గడువు దాటిందనే అనుకుని నడవండి.

దాటినా తలుపు పూర్తిగా మూసుకోలేదు. ఆలస్యానికి తగిన కారణం చూపితే, గడువు ముగిశాక ఇంకో ఏడాది లోపు కూడా కలెక్టరు అర్జీ తీసుకోవచ్చు. ‘ఎమ్మెల్యే జవాబు కోసం ఎదురుచూశాను’ అన్నది తగిన కారణంగా నిలబడదు. అది రాస్తే ఇంకో చిక్కు కూడా ఉంది. ఉత్తరాలు రాయగలిగిన మనిషి అర్జీ ఎందుకు ఇవ్వలేకపోయాడని అడుగుతారు. తండ్రి పక్షవాతంతో మంచం మీదుంటే కొడుకు ఆస్పత్రిలో ఉన్నాడన్నది మాత్రం వినదగ్గ కారణం. దానికి కాగితం కావాలి. అడ్మిషన్ తేదీ, డిశ్చార్జి సమ్మరీ, స్కానింగ్ రిపోర్టు, మందుల బిల్లులు తీసి పెట్టుకోండి. ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు ఉన్నారో అఫిడవిట్‌లో రోజులతో సహా రాయండి. డిశ్చార్జి తర్వాతి రోజులకు కూడా కారణం చెప్పాలి, అక్కడ ఖాళీ వదలొద్దు.

మీకు వచ్చిన నోటీసులో మొత్తం ఎంతో తప్ప లెక్క లేదన్నారు. అదీ పనికొస్తుంది. అవార్డు తేదీ అంటే అధికారి సంతకం పెట్టిన తేదీ మాత్రమే కాదని, అది రైతుకు తెలిసిన లేదా తెలిసి ఉండాల్సిన తేదీ అని 1961లో రాజా హరీశ్చంద్ర రాజ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. పాత చట్టం మీద, ఆరు నెలల గడువు గురించి వచ్చిన తీర్పు అది. అయినా అర్జీలో చేర్చాలి. మీరు ఆరు స్పీడ్ పోస్టు రశీదులు వరసగా పిన్ను కొట్టి నాకు పంపారు. అవార్డు కాపీ మాత్రం లేదు. నోటీసు వచ్చి ఐదు నెలలైనా అడగనే లేదు. ఇది నిర్లక్ష్యం, ఇంకో మాట లేదు. రేపే సర్టిఫైడ్ కాపీకి దరఖాస్తు పెట్టండి.

ఇక ఆ పదివేల సంగతి. ఆయన గుమ్మం తొక్కకండి. ఇన్‌వర్డ్ రిజిస్టరులో వరస నంబర్లు ఉంటాయి. మార్చి నెల నంబర్ల మధ్య జూలైలో ఒకటి ఇరికిస్తే చూడగానే తెలుస్తుంది. అప్పుడు మీరు పరిహారం అడిగే రైతు కాదు, ఫోర్జరీ కేసులో ముద్దాయి. నిజమైన అనారోగ్యం చేతిలో పెట్టుకుని దొంగ తేదీ కొనుక్కోవడమేంటండీ?

డబ్బు విషయంలోనూ అంతే జాగ్రత్త. 77వ సెక్షన్ ప్రకారం, అభ్యంతరం తెలపకుండా డబ్బు తీసుకున్నవారికి 64 కింద అర్జీ ఇచ్చే హక్కు పోతుంది. వద్దని మొండికేయనక్కర్లేదు. సంతకం పక్కనే ‘పరిహారం చాలదన్న అభ్యంతరంతో తీసుకుంటున్నాను’ అని మీ చేతిరాతతో రాసి, ఆ కాగితం ఫొటో తీసుకోండి. రాయనివ్వకపోతే సంతకం పెట్టకండి. అదే మాట కలెక్టరుకు పోస్టులో పంపండి. సమ్మతి పత్రం లాంటిది ఏదైనా ముందు పెడితే చదవకుండా వేలు కూడా పెట్టొద్దు.

ఇప్పుడు మీరు గమనించని సంగతి ఒకటి చెప్తాను. చట్టం గుణకాన్ని 1 నుంచి 2 మధ్య రాష్ట్రానికే వదిలింది. అథారిటీ దాన్ని మార్చదు. మార్కెట్ విలువను మాత్రం మారుస్తుంది. మీ ఆరు లక్షలను 1.25తో హెచ్చవేస్తే ఏడున్నర, దానికి నూరు శాతం సొలేషియం (భూమి బలవంతంగా తీసుకున్నందుకు అదనంగా ఇచ్చే సొమ్ము) కలిపితే ఎకరాకు 15 లక్షలు. ఎమ్మెల్యేను అడిగిన గుణకం 2 వచ్చుంటే 24 లక్షలు. అదే 1.25తో, ఎకరా విలువ పది లక్షలని మీరు రుజువు చేస్తే 25 లక్షలు. చెట్ల విలువ, ఏడాదికి 12 శాతం అదనపు మొత్తం వేరే.

రుజువెలా అంటారా? ప్రాథమిక నోటిఫికేషన్‌కు (భూమి తీసుకుంటామని ముందుగా ఇచ్చే ప్రకటన) ముందు మూడేళ్లలో మీ ఊళ్లో, పక్క ఊళ్లో అలాంటి భూములకు జరిగిన రిజిస్టర్డ్ అమ్మకాల సర్టిఫైడ్ కాపీలు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో తీయించండి. వాటిలో ఎక్కువ ధర పలికిన సగం దస్తావేజుల సరాసరి లెక్కలోకొస్తుంది. నోటిఫికేషన్ తర్వాతి అమ్మకాలు, ఇంతకుముందు భూసేకరణలో ఇచ్చిన ధరలు చెల్లవు. స్టాంపు డ్యూటీ మిగులుతుందని మన ఊళ్లలో సగం రేటుకే రిజిస్టర్ చేయిస్తారు. ఆ సగం రేటే ఈ రోజు మీకు ఎదురు సాక్ష్యమై నిలబడుతుంది. కాబట్టి బ్యాంకు రుణంతో కొన్న దస్తావేజులు ముందు వెతకండి, వాటిలో ధర అసలుకు దగ్గరగా ఉండే అవకాశం ఎక్కువ. అడంగల్‌లో (ఊరి పంటల రికార్డు) నిమ్మ అని నమోదై ఉందో లేదో చూడండి. చెట్ల సంఖ్య, వయసు, పొదలకూరు మార్కెట్‌లో కాయ అమ్మిన పట్టీలు చేర్చండి.

అర్జీ అందిన 30 రోజుల్లో కలెక్టరు దాన్ని అథారిటీకి పంపాలి. పంపకపోతే, పంపమని ఆదేశించాలంటూ మీరే అథారిటీని అడగవచ్చు. ఎమ్మెల్యే మౌనం మీద లేని హక్కు ఇక్కడ మీకుంది. సోమవారం గ్రీవెన్స్‌లో ఇచ్చే కాగితం దీనికి బదులు కాదు. సివిల్ కోర్టుకు వెళ్లినా లాభం లేదు, 63వ సెక్షన్ అడ్డుపడుతుంది. ఒకవేళ ఆలస్యం క్షమించకపోతే, అదే నోటిఫికేషన్‌లో భూమి పోయిన ఇంకెవరికైనా అథారిటీ ఎక్కువ ఇచ్చిందేమో కనిపెట్టుకుని ఉండండి. ఆ తీర్పు నుంచి మూడు నెలల్లో 73వ సెక్షన్ కింద మీరూ అడగవచ్చు.

గుణకం పెంచమన్న మీ కోరిక న్యాయమైనదే, మానుకోమనను. ఏడో ఉత్తరం ఒక పేజీలో రాయండి. పైన వేసిన లెక్క పెట్టి, భూమి పోయిన రైతులందరితో సంతకాలు చేయించి, శాసనసభలో ప్రశ్నగా వేయమని అడగండి. రేపు పెంచినా, పాత అవార్డులకూ వర్తిస్తుందని రాస్తే తప్ప మీకు రాదు. అందుకే ముందు కలెక్టరు అర్జీ, తర్వాతే ఆ ఉత్తరం. ఈ వారంలోనే డిశ్చార్జి సమ్మరీ, నోటీసు తీసుకుని నెల్లూరులో భూసేకరణ కేసులు చూసే వకీలు దగ్గరకు వెళ్లండి. నోటీసు వెనక మీరు సంతకం పెట్టిన తేదీ ఉంటే ఆ పేజీ కూడా జిరాక్స్ తీయించండి.