నాలుగు జీబీ దాటే అడ్రస్‌ల గురించి

చిరంజీవి ప్రవల్లికకు,
గుంటూరు నుంచి బాబాయి ఆశీస్సులు.

నువ్వు పంపిన డ్రైవర్ కోడ్ చదివాను. శుభ్రంగా రాశావమ్మా. కానీ ఫిజికల్ అడ్రస్‌ని (మెమరీలోని అసలు చోటు నంబర్‌ని) అన్‌సైన్డ్ లాంగ్ టైప్ వేరియబుల్‌లో పెట్టావు, అది మార్చాలి. నీది 32 బిట్ ఏఆర్‌ఎం బోర్డు. అక్కడ లాంగ్ అంటే 32 బిట్లే, అందులో 4 జీబీ లోపు అడ్రస్‌లే పడతాయి. ఎల్‌పీఏఈ (పెద్ద అడ్రస్‌లు వాడనిచ్చే ఏఆర్‌ఎం సదుపాయం) ఆన్ చేస్తే ఫిజికల్ అడ్రస్ 40 బిట్ల దాకా పోతుంది. ఇంటెల్ 1995లో పెంటియం ప్రోతో 36 బిట్ల అడ్రస్ తెచ్చినప్పటి నుంచీ ఉన్న చిక్కే ఇది. లైనక్స్‌లో దీనికోసమే ఫిజ్_యాడర్_టి అనే టైప్ ఉంది. అదే వాడు.

టైప్ మార్చేశాం కదా అని ఊరుకోకు. అసలు ప్రమాదం షిఫ్ట్ దగ్గర, అంటే బిట్లు జరిపేచోట ఉంది. మెమరీని 4 కేబీ పేజీలుగా లెక్కిస్తాం కదా, పేజీ నంబర్ 10,48,576 అనుకో. దాన్ని 12 బిట్లు ఎడమకి జరిపితే సరిగ్గా 4 జీబీ రావాలి. పేజీ నంబర్ 32 బిట్లదైతే పై బిట్ రాలిపోయి సున్నా వస్తుంది. ఎడమవైపు వేరియబుల్ 64 బిట్లదైనా లాభం లేదు, లెక్క అప్పటికే 32 బిట్లలో అయిపోయింది. కంపైలర్ మామూలుగా నోరు మెదపదు. తప్పు పేజీలో రాస్తావు, క్రాష్ ఇంకెక్కడో, ఎప్పుడో వస్తుంది. అందుకే ముందు క్యాస్ట్ (పేజీ నంబర్‌ని పెద్ద టైప్‌కి మార్చడం), తర్వాత షిఫ్ట్. పీఎఫ్‌ఎన్_ఫిజ్ మాక్రో ఆ పనే చేస్తుంది.

పేజీ మొదలు అడ్రస్ కోసం కింది బిట్లు తీసేసే పేజ్_మాస్క్‌తో అండ్ చేసేచోట కూడా చూసుకో. ఆ మాస్క్ 32 బిట్ల అన్‌సైన్డ్ అయితే పై బిట్లన్నీ సున్నాలైపోతాయి. అడ్రస్‌ని ప్రింట్ చెయ్యడానికే అయితే పర్సెంట్ పీఏ అనే ఫార్మాట్ గుర్తు ఉంది. దానికి విలువ కాదు, వేరియబుల్ పాయింటర్ ఇవ్వాలి.

డీఎంఏ (డివైస్ తనే నేరుగా మెమరీని చదవడం, రాయడం) వేరే సంగతి. ర్యామ్ అడ్రస్సే డివైస్‌కి కనిపిస్తుందని అనుకోకు. డివైస్ ఎన్ని బిట్లు మోయగలదో డీఎంఏ మాస్క్‌లో చెప్పి, డీఎంఏ మ్యాపింగ్ ఇచ్చిన అడ్రస్‌నే వాడు.

ఇవన్నీ చిన్న ర్యామ్‌లో బయటపడవు, కాబట్టి టెస్ట్ నిర్లక్ష్యం చేయకు. ఎల్‌పీఏఈ ఆన్ చేసిన కెర్నెల్‌ని క్యూఈఎంయూ అనే ఎమ్యులేటర్‌లో కార్టెక్స్ ఏ15 ప్రాసెసర్‌తో, వర్ట్ అనే ఊహా బోర్డు మీద 4 జీబీ ర్యామ్ ఇచ్చి బూట్ చెయ్యి. అందులో ర్యామ్ 1 జీబీ అడ్రస్ దగ్గర మొదలవుతుంది కనుక చివరి భాగం 4 జీబీ హద్దు దాటుతుంది. ఆదివారం విజయవాడ వస్తాను, లాగ్ తీసి ఉంచు, కలిసి చూద్దాం.

ఇట్లు,
బాబాయి