శిలాజపు ఆల్చిప్ప మీది చిల్లులు, తెల్లటి వంకర గీతలు ఏమిటి?

తమిళనాడులోని అరియలూరు నుంచి మీ స్నేహితుడు తెచ్చిన ఆల్చిప్ప శిలాజం నిండా చిల్లులు, తెల్లటి వంకర గీతలు ఉన్నాయని, వెనిగర్‌లో నానబెట్టి శుభ్రం చేయొచ్చా అని అడిగారు. దయచేసి ఆ పని చేయకండి. చిప్పా సున్నమే, ఆ గీతలూ సున్నమే. ఆమ్లం తగిలితే రెండూ కరిగిపోతాయి. మెత్తటి బ్రష్, మంచినీళ్లు చాలు.

ఎమ్మెస్సీ జియాలజీ చదివేటప్పుడు మమ్మల్ని అక్కడి సున్నపురాయి గనులకు తీసుకెళ్లారు. అక్కడ కల్లంకురిచ్చి అని పిలిచే రాతి పొరల్లో గ్రైఫియా అనే మందపాటి ఆల్చిప్పలు కుప్పలుగా ఉంటాయి. సుమారు 7 కోట్ల ఏళ్ల కిందటివి. వాటిలో నున్నగా ఉన్నవాటికన్నా ఇలాంటి గుర్తులున్నవే నాకు ఎక్కువ నచ్చాయి.

జల్లెడలా దగ్గర దగ్గరగా సన్నటి చిల్లులుంటే అది స్పాంజ్ అనే సముద్ర జీవి పని. చిప్పను కొద్దికొద్దిగా కరిగించి, సన్నటి పలుకులుగా ఊడదీసి, లోపల గదులు చేసుకుంటుంది. విరిగిన అంచున లెన్స్ పెట్టి చూడండి, ఆ గదులు ఒకదానితో ఒకటి కలిసి ఉంటాయి. ఈ జాడను ఎంటోబియా అంటారు. ఒక్కటే గుండ్రటి చిల్లు, పైన వెడల్పుగా, లోపలికి సన్నగా ఉంటే మాత్రం వేటాడే నత్తను అనుమానించాలి. వైజాగ్ బీచ్‌లో పిల్లలు దారానికి గుచ్చుకునే చిప్పల్లో చాలావాటికి ఆ చిల్లు పెట్టింది ఇలాంటి నత్తే.

వంకర గీతలు చాలావరకు సెర్పులిడ్ అనే సముద్రపు పురుగులు కట్టుకున్న గొట్టాలు. సన్నటి వల అల్లినట్టుంటే బ్రయోజోవా, అంటే గుంపుగా అతుక్కుని పెరిగే బుల్లి సముద్ర జీవులు. ఇవి చిప్ప లోపలి వైపు అతుక్కుని ఉంటే ఇక సందేహం లేదు, ఆల్చిప్ప చనిపోయి, చిప్ప తెరుచుకున్నాకే వచ్చి చేరాయి. బయటి వైపు ఉంటే అది బతికున్నప్పుడే చేరి ఉండొచ్చు, తర్వాతా చేరి ఉండొచ్చు. నేను చూసిన ఒక చిప్పలో, లోపలి వైపు పరుచుకున్న బ్రయోజోవాను చీల్చుకుంటూ స్పాంజ్ చిల్లులు దిగాయి. అంటే ముందు ఆల్చిప్ప పోయింది, తర్వాత బ్రయోజోవా పెరిగింది, ఆ తర్వాత స్పాంజ్ తొలిచింది. అంతకాలం ఆ చిప్ప ఇసుకలో కూరుకుపోకుండా సముద్రం అడుగున పైపైనే ఉందన్నమాట! చేతిలో పట్టే ఒక్క చిప్పలో ఇంత చరిత్ర చదవగలగడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

ఎవరైనా డ్రిల్ చేశారేమోనన్న టెన్షన్ ఉంటే చిల్లు లోపల చూడండి. చుట్టూ ఉన్న రాయే గట్టిపడి నిండి ఉంటే అది పాతదే. లోపల తాజా తెల్లటి పొడి, మెలి తిరిగిన గీతలు ఉంటే పనిముట్టు తగిలినట్టు. లోపలి వైపు ఫొటో, పక్కన స్కేలు పెట్టి తీసింది, ఒకటి పెడితే మీ చిప్ప గురించి ఇంకా కచ్చితంగా చెప్పగలను.