గుడ్లు పెట్టే సీజన్‌లో బాస్ చేపకి ఏ ల్యూర్ వాడాలి?

మీ ప్రశ్న చదివాను. డాలస్‌లో ఉంటారు, బోటు లేదు, మార్చి ఏప్రిల్‌లో బాస్ చేపలు గుడ్లు పెట్టడానికి ఒడ్డు దగ్గరికి వస్తాయని విని బ్యాగు నిండా ల్యూర్లు (బొమ్మ ఎరలు) కొన్నారు, ఒక్కటీ పడలేదు, ఇప్పుడు ఇంకేం కొనాలి అంటున్నారు. ల్యూర్లు ఇంకేమీ కొనకండి. నీళ్ళ వేడి కొలిచే చిన్న థర్మామీటర్ ఒకటి, నీళ్ళ లోపలికి కనిపించేలా పోలరైజ్డ్ కళ్ళజోడు ఒకటి ఉంటే చాలు. యూట్యూబ్‌లో ప్రతివాడూ ‘ఈ ఐదు ల్యూర్లు మీ దగ్గర ఉండాల్సిందే’ అని మొదలుపెడతాడు, కింద ఆ ఐదింటికీ కొనుక్కునే లింకులు ఉంటాయి. ఆ గాలం వేసింది చేపకి కాదండీ, మనకే.

క్యాలెండర్ చూసుకుని వెళ్ళినా లాభం లేదు, నీళ్ళ వేడి చూడాలి. 50ల మధ్యలో (ఫారెన్‌హీట్) ఉన్నప్పుడు బరువైన ఆడ చేపలు లోతు నుంచి బయల్దేరి, చెరువులో మునిగిపోయిన పాత వాగుల వెంట వచ్చి, నీళ్ళలోకి పొడుచుకొచ్చిన నేల దగ్గర ఆగుతాయి. 60 దాటాక మగవి ఒడ్డుకొచ్చి, ఇసుకో గులకో ఉన్న గట్టి నేల చూసుకుని, తోకతో బురద ఊడ్చి గూడు చేస్తాయి. ఆడది వచ్చి గుడ్లు పెట్టి వెళ్ళిపోతుంది. అక్కణ్ణుంచి కాపలా అంతా మగదే. గుడ్లు పొదిగి, పిల్లలు గుంపుగా తిరగడం మొదలెట్టాక కూడా కొన్నాళ్ళు వాటి వెనకే ఉంటుంది. ఆ రోజుల్లో దానికి తిండి మీద ధ్యాస ఉండదు. ఏ ఎర వేస్తే తింటుంది అని మీరు ఆలోచిస్తున్నారు, అది అసలు తినే మూడ్‌లోనే లేదు.

ఈ సంగతి నాకు వీడియోల కన్నా మా మావయ్య గారి వల్ల బాగా అర్థమైంది. వాళ్ళది కైకలూరు అవతల, కొల్లేరు అంచున ఊరు. మొన్నామధ్య వేసవి మొదట్లో మా ఇంటికొచ్చారు. అమెరికా వచ్చిన పెద్దవాళ్ళ సంగతి తెలిసిందేగా, పొద్దున వీధి చివరిదాకా నడక, సాయంత్రం సీరియల్, మధ్యలో ‘ఇక్కడ మనుషులే కనపడరేంటి’ అని ఒక నిట్టూర్పు. ఇలా కాదని ఒకరోజు చేపలు పట్టే లైసెన్స్ తీయించి లేక్ ఫోర్క్‌కి తీసుకెళ్ళాను. డాలస్‌కి తూర్పున, క్విట్‌మన్ దగ్గర ఉంటుంది. 1980లో ఆనకట్ట పూర్తయిన చెరువు, దాదాపు 27 వేల ఎకరాలు. టెక్సస్ రాష్ట్ర రికార్డు బాస్, 18.18 పౌన్లది, 1992 జనవరిలో ఇక్కడే పడింది. ఆ ఒక్క చేప పేరు చెప్పుకుని చుట్టుపక్కల ఊళ్ళు ఇప్పటికీ మోటెళ్ళు నడుపుకుంటున్నాయి.

స్నేహితుడి చిన్న అల్యూమినియం బోటు. మావయ్య గారు లైఫ్ జాకెట్ మీద మంకీ క్యాప్ పెట్టుకుని ముందు కూర్చున్నారు. ఉత్తరం గాలి తగలకుండా చెట్లు అడ్డం ఉన్న ఒక మూలకి వెళ్ళాం. అలాంటి చోట ఎండ నేరుగా పడి నీళ్ళు ముందుగా వేడెక్కుతాయి. మిగతా చెరువు 60 దగ్గర తారాడుతుంటే అక్కడ 64 చూపించింది. నేను స్పిన్నర్‌బెయిట్ (నీళ్ళలో గిరగిరా తిరిగే రేకులున్న ల్యూర్) విసురుతూ, లాగుతూ, విసురుతూ ఉన్నాను. ఉన్నట్టుండి ఆయన చెయ్యి పైకెత్తారు.

“అల్లుడు గారూ, కాస్త ఆపండి. ఆ జమ్ము పక్కన తెల్లగా ఊడ్చినట్టుంది చూడండి. అక్కడ గూడుంది.”

నాకేం కనపడలేదు. కళ్ళజోడు పెట్టుకుని, ఆయన వేలు చూపించిన చోటే చాలాసేపు చూస్తే అప్పుడు తెలిసింది. మోకాలి లోతు నీళ్ళలో పళ్ళెమంత శుభ్రమైన నేల, దాని మీద నల్లటి నీడ ఒకటి అటూ ఇటూ తిరుగుతోంది. ఆయన కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుని చూసేశారు. ఎలా పట్టారంటే, “మన కొర్రమీను అంతే కదండీ” అన్నారు. కొర్రమీను నాచులో కాస్త జాగా చేసుకుని గుడ్లు పెడుతుంది, పిల్లలు ఎర్రగా గుంపుగా నీటి పైన ఆడుతుంటే పెద్దది కింద కాపలా ఉంటుంది. ఆ గుంపు మీదికి గాలానికి కప్పని గుచ్చి వేస్తే ఆకలితో కాదు, కోపంతో వచ్చి కొడుతుంది. కొల్లేరు మనిషికి ఇది ఎవరూ చెప్పక్కర్లేదు. నేను దానికోసం ఎన్ని వీడియోలు చూశానో చెప్తే నవ్వుతారు.

బోటు వెనక్కి జరిపాను, మా నీడ గూడు మీద పడకుండా. నిలబడకుండా కూర్చునే వేశాను. తెల్లటి ప్లాస్టిక్ లిజార్డ్‌ని (బల్లి బొమ్మ) టెక్సస్ రిగ్‌లో, అంటే గాలం మొన బొమ్మలోనే దాగేలా కట్టి, గూడు దాటించి వేసి, మెల్లిగా లోపలికి లాక్కొచ్చి వదిలేశాను. తెలుపు ఎందుకంటే చేప కోసం కాదు, అది ఎక్కడుందో నాకు కనపడాలి కాబట్టి. మొదటిసారి చేప పారిపోయింది. తిరిగొస్తుందని తెలుసు, అలాగే వచ్చింది. రెండోసారి లిజార్డ్ దగ్గరికి వచ్చి, తల కిందికి వంచి, నోటితో పట్టుకుని, ఒక అడుగు పక్కకి తీసుకెళ్ళి ఉమ్మేసింది.

మావయ్య గారు పడీపడీ నవ్వారు. “వాకిట్లో చెత్త పడితే తీసి అవతల పారేసినట్టు పారేశాడు చూశారా!”

అంతా అందులోనే ఉంది. బాస్ మీ ల్యూర్‌ని తినట్లేదు, బయట పారేస్తోంది. అది నోట్లో ఉండేది ఒకటి రెండు క్షణాలు. దారం లాగినట్టు తెలిసేసరికి అయిపోతుంది. కంటితో చూసి, తెల్లటి ల్యూర్ నోట్లో మాయమైన ఆ క్షణంలోనే కొట్టాలి, అంటే కర్రని చటుక్కున లాగి గాలం గుచ్చాలి. ఇంకో సంగతి, గూట్లో ఒకే ఒక చోటు ఉంటుంది, ల్యూర్ అక్కడ పడితే అది అస్సలు ఊరుకోదు, అర అడుగు పక్కన పడితే చూసి వదిలేస్తుంది. ఆ చోటు వెతుక్కోవడమే పని. ల్యూర్‌ది పుచ్చకాయ రంగా, గుమ్మడికాయ రంగా అని గంటలు గంటలు చర్చించేవాళ్ళని చూస్తే నాకు చిరాకు. గూటి మీద ఉన్న చేపకి రంగు లెక్కే లేదు, రాసిపెట్టుకోండి.

నాలుగోసారో ఐదోసారో కొట్టాను. రెండు పౌన్లుండొచ్చు, మగది. చేతిలోకి తీసుకుని ఫోన్ కోసం జేబులు తడుముకుంటున్నాను. అంతలో మావయ్య గారు కేక పెట్టారు. “ముందు దాన్ని వదలండి, అవతల గుడ్లు తినేస్తున్నాయి!” చూస్తే బ్లూగిల్ చేపలు, అరచేతంత ఉంటాయే అవి, ఎక్కడ నక్కాయో గానీ అరడజను పైనే గూట్లో దూరిపోయాయి. వదిలాను. అది నేరుగా వెనక్కి వెళ్ళి వాటిని తరిమింది. కాసేపటికి ఆయన అన్నారు, “తినడానికైతే ఒక లెక్క అల్లుడు గారూ. ఫొటో కోసం దాన్ని ఇంట్లోంచి లేపడమేంటండీ?”

నా దగ్గర జవాబు లేదు. మీ దగ్గర ఉంటే చెప్పండి. టెక్సస్‌లో ఇది చట్టప్రకారం తప్పేమీ కాదు. ఇక్కడి పెద్ద చెరువుల్లో బాస్‌లు అన్నీ ఒకేసారి కాకుండా వారాల తరబడి విడతలు విడతలుగా గుడ్లు పెడతాయి కాబట్టి చేపల సంఖ్యకి ఢోకా లేదని వాదించేవాళ్ళు ఉన్నారు. ఉత్తరాన చలి రాష్ట్రాలు కొన్నింట్లో మాత్రం వసంతంలో బాస్‌ని ఇంటికి తీసుకెళ్ళనివ్వరు. ఇల్లినాయ్ పరిశోధకులైతే తేలిగ్గా గాలానికి పడే గుణం బాస్‌లో తరం నుంచి తరానికి వస్తుందని చూపించారు. పైగా బాగా కాపలా కాసే మగదే తేలిగ్గా పడేది. అంటే మంచి తండ్రుల్నే మనం ఏరి ఏరి లేపుతున్నట్టు. నాకైతే ఇది చాలు, గూటి మీద వేయడం మానేశాను. పెద్ద చేప కావాలంటే గూటికి రాకముందు దాన్ని పట్టాలి, అప్పుడు ఆకలితో ఉంటుంది, బరువూ ఎక్కువ.

ఆ మధ్యాహ్నం అదే చేశాం. అదే మూల నుంచి లోతువైపు వెనక్కొస్తే, నేల నీళ్ళలోకి పొడుచుకొచ్చి ఒక్కసారిగా జారే చోటు ఉంది, ఎనిమిది అడుగుల లోతు. ముందు ఎర్ర లిప్‌లెస్ క్రాంక్‌బెయిట్‌ని (మూతి ముందు రేకు లేని, చేప ఆకారపు గట్టి ల్యూర్) హైడ్రిల్లా నాచు మీదుగా లాగాను. నాచులో చిక్కుకున్నప్పుడు చటుక్కున విదిలిస్తే అప్పుడే కొడతాయి అంటారు. నాకు పడలేదు. నలుపు నీలం జిగ్ (బరువైన తల, కుచ్చు ఉన్న గాలం) కట్టి అడుగున మెల్లగా ఈడ్చాను. మెల్లగా అంటే, మీరు విసుగొచ్చి ఫోన్ తీసేంత మెల్లగా. పడింది. పొట్ట నిండుగా ఉన్న ఆడ చేప, కొలిస్తే 21 అంగుళాలు.

మావయ్య గారి మొహం వెలిగిపోయింది. పులుసా, వేపుడా అని అప్పుడే లెక్కలు మొదలుపెట్టారు. లేక్ ఫోర్క్‌లో 16 నుంచి 24 అంగుళాల మధ్య ఉన్న బాస్‌ని ఉంచుకోకూడదు, వెంటనే వదిలేయాలి అని చెప్పాను. చిన్నది తీసుకెళ్ళొచ్చా అని అడిగారు. తీసుకెళ్ళొచ్చు అన్నాను. “చిన్నవి తినొచ్చు, పెద్దవి తినకూడదు. ఎవరు పెట్టారండీ ఈ రూలు?” అన్నారు. గుడ్లు పెట్టే వయసు చేపల్ని కాపాడి పెద్దవి కానివ్వడానికి అని ఎంత చెప్పినా ఇల్లు చేరేదాకా ఆయన మనసు కుదుటపడలేదు. దారిలో ఒక దుకాణంలో క్యాట్‌ఫిష్ కొంటే గానీ శాంతించలేదు. ఆయన సంగతి సరే, వదిలేశారు. మనవాళ్ళే కొందరు స్లాట్ చేపని (ఆ 16-24 అంగుళాల మధ్యది) కూలర్ అడుగున దాచి, పైన కోక్ క్యాన్లు పేర్చి తెచ్చుకుంటారు, వాట్సాప్‌లో గొప్పగా ఫొటో కూడా పెడతారు. గేమ్ వార్డెన్‌కి (వేట, చేపల రూల్స్ చూసే అధికారి) కూలర్ తెరవడం వచ్చండీ. ఫైన్ కట్టాక అందరికీ చెడ్డపేరు.

ఇక మీ బ్యాగులోంచి ఏం ఉంచుకోవాలంటే, నీళ్ళు 60 లోపుంటే జిగ్, లిప్‌లెస్. 60ల్లో ఉంటే సెంకో లాంటి మెత్తటి ప్లాస్టిక్ పురుగుని నడుమ గుచ్చి (వాకీ రిగ్) జమ్ము అంచునో చెక్క రేవు పక్కనో వేసి, దానంతటది అడుక్కి దిగేదాకా ముట్టుకోకండి. గూడు కనపడకపోయినా, ఒడ్డున తిరిగే చేపలు ఇది కిందికి దిగుతున్నప్పుడు వచ్చి కొడతాయి. ఇంతే. రాత్రికి రాత్రి చలిగాలి దిగి నీళ్ళు నాలుగైదు డిగ్రీలు పడిపోతే ఒడ్డున నిలబడి ప్రయోజనం లేదు, లోతున్న చోటికి మారండి. పౌర్ణమికి అన్నీ ఒడ్డుకొస్తాయంటారు, నేను నమ్మను, వేడి లేని పౌర్ణమికి ఏ చేపా రాదు.

ఏప్రిల్ చివరికి ఈ తంతు చాలావరకు అయిపోతుంది, అప్పుడు అసలు సరదా. తెల్లవారుజామున షాడ్ అనే చిన్న చేపలు రాళ్ళ గట్ల పక్కన గుడ్లు పెడతాయి, ఆకలి తీరని బాస్‌లు వాటి మీద పడతాయి. తెల్లటి స్పిన్నర్‌బెయిట్‌ని గట్టు పక్కనే, గట్టుతో సమాంతరంగా లాగండి. ఎండ పైకొస్తే ఆపేయండి.

మీకు బోటు లేదు కాబట్టి లేక్ ఫోర్క్ మొదట్లోనే వద్దు, అక్కడ ఒడ్డున నిలబడే జాగాలు తక్కువ. డెంటన్ పైన రే రాబర్ట్స్ చెరువుకి వెళ్ళండి. అక్కడి స్టేట్ పార్క్ లోపల ఒడ్డు నుంచి వేస్తే ఫిషింగ్ లైసెన్స్ కూడా అక్కర్లేదు, గేటు టికెట్ చాలు. కాళ్ళు నీళ్ళలో పెట్టకుండా, గట్టుకి రెండడుగులు వెనకే నిలబడి మొదటి విసురు దగ్గర నీళ్ళలోకే వేయండి. అందరూ దూరంగా విసరడానికి పోటీపడతారు, చేప వాళ్ళ కాళ్ళ ముందే ఉంటుంది.