పెంపుడు పక్షితో ఇల్లు మారిన వారం: ఏమి చేయాలి, ఏమి మానుకోవాలి

చిరంజీవి అమ్మాయికి, పెదనాన్న ఆశీస్సులు.

ఉభయకుశలోపరి. మన కాకటీల్ బుజ్జులు (చిలుక జాతిదే, తల మీద ఈకల తురాయి ఉండే చిన్న పెంపుడు పక్షి) రాజమండ్రి వదిలి హైదరాబాదులో మీ ఫ్లాటుకు వచ్చాక బెంగ పెట్టుకుందని నిన్న ఫోనులో నువ్వు చెప్పినదంతా విన్నాను. నేను జవాబు చెప్పేలోపే పంజరాన్ని బాల్కనీలోకి మార్చాలా, పడకగదిలోకి మార్చాలా అని ఒకదాని మీద ఒకటి అడిగావు. అందుకే తీరిగ్గా రాస్తున్నాను. పూర్తిగా చదివాకే పంజరం మీద చెయ్యి వెయ్యి.

బుజ్జులు ఇల్లు ఆ పంజరమే, అది దాంతోపాటే హైదరాబాదు వచ్చింది. పోయిందల్లా చుట్టూ ఉన్న లోకం. రాజమండ్రి వరండాలో పాలవాడు ఏ వైపునుంచి వస్తాడో, గేటు ఎప్పుడు కిర్రుమంటుందో, కాకులు ఏ గోడ మీద వాలతాయో దానికి కంఠస్థం. ఎనిమిదో అంతస్తులో అవేవీ లేవు. కాకటీల్ ఎప్పుడూ తనను ఎవరు పట్టుకుపోతారోనని చూసుకుంటూ బతికే పక్షి. చుట్టుపక్కల ప్రమాదం లేదని రూఢి అయ్యేదాకా తిండి మీదికి ధ్యాస పోదు. దానికి ఆ చూసుకునే వీలు కల్పించి నువ్వు కాస్త పక్కకు తప్పుకోవాలి. మీ అందరికీ కష్టమైన పని అదే.

చోటు ఒక్కసారే నిర్ణయించు. హాల్లో రెండు గోడలు కలిసే మూల చాలు. వెనక, ఒక పక్క గోడ ఉంటే అది కాపలా కాయవలసిన దిక్కులు సగం తగ్గుతాయి. నువ్వు నిలబడితే పంజరంలోని కర్ర నీ ఛాతీ ఎత్తులో ఉండాలి. నేల మీద పెడితే అటూ ఇటూ నడిచే కాళ్లకే బెదిరిపోతుంది. కిటికీకి ఆనించవద్దు. ఆ ఎత్తులో గద్దలు కంటికి ఎదురుగా తిరుగుతాయి, పైగా పడమటి ఎండ పడితే లోపల తప్పించుకునే నీడ ఉండదు. ఏసీ గాలి సూటిగా తగలకూడదు. ఇంకొకటి చాలామంది గమనించరు: పంజరం పైన ఫ్యాను తిరుగుతుంటే రెక్కల నీడ పక్షి మీదుగా పోతూ ఉంటుంది. దానికి అది నెత్తిన తిరిగే డేగే. ఇవన్నీ చూసుకుని పెట్టు, పెట్టాక నెల రోజులు కదపకు. రోజుకో గదిలో పెట్టి ఎక్కడ బాగుంటుందో చూద్దామనుకుంటే ప్రతిరోజూ ఇల్లు మారినట్టే.

లోపల ఏదీ మార్చకు. అవే కర్రలు, అదే గిన్నె, అదే గంట, అవే చోట్లలో ఉండాలి. కొత్త ఇల్లు కదా అని పంజరాన్ని తోమి మెరిపించాలని మీ అత్తగారు అంటే, రెండు వారాలు ఆగమని నా మాటగా చెప్పు. కింది కాగితం మాత్రం రోజూ మార్చు. గింజలు వేసే వేళ, పొద్దున్నే దుప్పటి తీసే వేళ రాజమండ్రిలో ఎలా ఉండేవో అలాగే సాగనివ్వు.

వంటగదికి దూరం అని వేరే చెప్పాలా? చెప్పే తీరాలి. నాన్‌స్టిక్ పెనం పొయ్యి మీద మరిచిపోతే, బాగా వేడెక్కినప్పుడు దాన్నుంచి వచ్చే పొగ మనకు తెలియను కూడా తెలియదు, పక్షి నిమిషాల్లో చచ్చిపోతుంది. మిరపకాయల పోపు ఘాటు, అగరుబత్తీలు, దోమల చుట్టలు, గోడకు గుచ్చే దోమల మందు కూడా దాని ఊపిరికి మంచివి కావు. వచ్చే వారం సత్యనారాయణ వ్రతం పెట్టుకున్నామన్నావు. ఆ పూటకు మాత్రం దాన్ని లోపలి గదిలో పెట్టి తలుపు వెయ్యి, కదపకూడదన్న నా నియమానికి అదొక్కటే మినహాయింపు. వ్రతానికి వచ్చిన పిల్లలు పంజరం చుట్టూ చేరి ఈలలు వేయడం సాంబ్రాణి కన్నా ప్రమాదం.

ఇక తిండి. గిన్నె నిండుగానే ఉంది, అయినా తిన్నట్టే ఉంది అన్నావు. ఆ మాట దగ్గరే నాకు దిగులు పట్టింది. కాకటీల్ గింజను ఒలిచి పప్పు తిని, పొట్టును మళ్లీ గిన్నెలోనే వదులుతుంది. పైకి నిండుగా కనిపించే గిన్నెలో అంతా పొట్టే ఉండవచ్చు. అప్పుడు పక్షి ఆకలితో ఉన్నా మనకు తెలియదు. లేదా అవన్నీ ముట్టని గింజలే కావచ్చు. గిన్నె చేతిలోకి తీసుకుని మెల్లగా ఊదు. పొట్టు ఎగిరిపోయాక ఏమి మిగిలిందో చూడు. ఒలిచిన పొట్టు బాగా ఉంటే తింటోంది. గింజలు పెట్టినవి పెట్టినట్టే ఉంటే తినడం లేదు.

రెట్ట కూడా చూడాలి, అసహ్యపడకు. పూలూ బొమ్మలూ లేని తెల్ల కాగితం వెయ్యి. ఆరోగ్యంగా ఉన్న రెట్టలో ముదురు ఆకుపచ్చ ముద్ద, దాని మీద తెల్లటి సున్నంలాంటి భాగం, చుట్టూ కాస్త నీటి చెమ్మ ఉంటాయి. ప్రయాణం చేసిన రోజు నీళ్లగా ఉండటం సహజమే. మర్నాడు కూడా అలాగే ఉన్నా, ముద్ద లేకుండా ఆకుపచ్చ మరక మాత్రమే ఉన్నా తినడం లేదని అర్థం. వంటింటి డిజిటల్ తూకం మీద ఉదయం పూట తూచడం అలవాటు చెయ్యి. దానంతట అది ఎక్కితేనే తూచు, పట్టుకుని కూర్చోబెట్టకు. కాకటీల్ మామూలుగా 80 నుంచి 110 గ్రాముల మధ్య ఉంటుంది. పదో వంతు తగ్గిందంటే ఇక ఇంట్లో కూర్చుని ఆలోచించే విషయం కాదు. ఒక రోజంతా ఏమీ తినకపోయినా అంతే. పక్షులు జబ్బును చివరిదాకా దాచిపెడతాయి.

ఆశ పుట్టించడానికి కొర్ర కంకి ఒకటి కర్రకు దగ్గరగా కట్టు. గింజలు ముట్టని పక్షి కూడా కంకిని పొడుస్తుంది. కట్టేసి వెంటనే అవతలికి వెళ్లిపో, తింటుందా లేదా అని ఎదురుగా నిలబడి చూడకు. కాస్త దూరంలో కుర్చీ వేసుకుని, దానివైపు పక్కగా కూర్చుని ఏదైనా చదువుకో. సూటిగా చూసే రెండు కళ్లు దానికి వేటగాడి కళ్లే.

దాని తురాయి చూస్తే నీకే అంతా తెలుస్తుంది. నిటారుగా లేచి, ఒళ్లు సన్నగా బిగిసి ఉంటే భయం. తలకు అంటుకుని, బుస కొడుతుంటే కోపం, చెయ్యి పెట్టకు. కొంచెం వెనక్కి వాలి తీరిగ్గా ఉంటే మనసు కుదుటపడుతోంది. సాయంత్రం ఒంటికాలి మీద నిలబడి ముక్కు గరగరా నూరుకుంటే అది స్థిమితపడినట్టే, ఆ చప్పుడు వినిపించిన రోజు నాకు ఫోను చెయ్యి. పగలంతా ఈకలు ఉబ్బించుకుని, కళ్లు మూసుకుని పంజరం అడుగున కూర్చుంటే మాత్రం అది బెంగ కాదు, జబ్బు.

రాత్రి సంగతి ఎక్కువగా చెప్పాలి. కాకటీళ్లకు చీకట్లో ఉలిక్కిపడి పంజరమంతా కొట్టుకునే గుణం ఉంది. కొత్త ఇంట్లో లిఫ్టు చప్పుడో, గోడ మీద బల్లో చాలు. దానికి పది పన్నెండు గంటల నిద్ర కావాలి, మీ హాల్లో టీవీ పదకొండు దాకా మోగుతుందని నాకు తెలుసు. కొన్నాళ్లు గొంతు తగ్గించండి. పాత దుప్పటితో మూడు వైపులా కప్పి ముందువైపు వదిలెయ్యి, గదిలో జీరో బల్బు వెలగనివ్వు. కొట్టుకుంటే పెద్ద దీపం వేసి, దూరంనుంచే మెల్లగా మాట్లాడు. లోపలికి చెయ్యి పెట్టి పట్టుకోవద్దు. శాంతించాక రెక్కలు చూడు. కొత్తగా వస్తున్న ఈకల గొట్టాల్లో రక్తం ఉంటుంది, అవి విరిగితే కారుతుంది. మెత్తటి మొక్కజొన్న పిండి అద్ది కాసేపు నొక్కిపట్టు. ఆగకపోతే డాక్టరు దగ్గరికే.

బయటికి వదలడానికి తొందరేమీ లేదు. పంజరంలో ఉండగానే నీ చేతిలోని కంకి తినాలి, అప్పుడే. ఆ రోజు ఫ్యాన్లు ఆపి, తెరలు వేసి, అద్దాలు కప్పి, స్నానాలగది తలుపు మూసి వదులు. అద్దం అడ్డంగా ఉందని దానికి కొత్త ఇంట్లో ఎలా తెలుస్తుంది?

తోడు లేక బెంగ పెట్టుకుందని ఎవరో రామచిలుకను ఇస్తామన్నారట. వద్దను. మన అడవి చిలుకలను ఇళ్లలో పెంచడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం, అసలు ఆ రెండింటికీ పొసగదు. ఇంకో కాకటీల్‌ను తెచ్చినా ఇప్పుడు కాదు, తెచ్చాక నెల రోజులు వేరే గదిలో ఉంచవలసిందే. ప్రస్తుతానికి దాని మంద నువ్వే. పక్క గదినుంచి అది పిలిస్తే ఈలతో బదులివ్వు, పరుగెత్తి రావద్దు.

ఇవాళే చేయవలసిన పని ఒకటుంది. పక్షులను చూసే పశువైద్యుడు మీకు దగ్గరలో ఎవరున్నారో కనుక్కుని నంబరు రాసి ఫ్రిజ్ మీద అంటించు. దొరకకపోతే రాజేంద్రనగర్ పశువైద్య కళాశాల ఆసుపత్రికి ఫోను చేసి, పక్షులను ఏ వేళల్లో చూస్తారో అడుగు. రేపు పొద్దున గిన్నె ఊదాక మిగిలినదాన్ని, ట్రేలోని కాగితాన్ని ఫోటో తీసి పంపు. పక్షి ఫోటోలు ఇప్పటికే చాలా పంపావు.

ఇట్లు,
పెదనాన్న