చెరిపేసిన వాట్సాప్ మెసేజీలు బయటికి ఎలా వెళ్లాయి?

భీమవరం రొయ్యల రైతుల గ్రూపులో చెరిపేసిన మెసేజీలు పోలీసుల చేతికి ఎలా వెళ్లాయన్నారు కదా, ఫోన్ ట్యాపింగ్ కన్నా ముందు అనుమానించాల్సింది గూగుల్ బ్యాకప్‌ని, అంటే మీ చాట్స్‌ని వాట్సాప్ మీ గూగుల్ ఖాతాలో దాచే కాపీని. దారిలో మెసేజీకి తాళం ఉంటుంది, బ్యాకప్ కాపీకి మీరు వేస్తేనే ఉంటుంది.

1. సెట్టింగ్స్, చాట్స్, చాట్ బ్యాకప్‌లో ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్టెడ్ బ్యాకప్ ఆన్ చేయండి. బ్యాకప్ కాపీకి తాళం ఇదే.

2. 64 అంకెల కీ ఎంచుకుంటే కాగితం మీద రాసుకోండి. స్క్రీన్‌షాట్ వద్దు, అదీ గూగుల్ ఫొటోస్‌లోకే పోవచ్చు! కీ పోతే వాట్సాప్ కూడా ఆ బ్యాకప్ తెరవలేదు.

3. వెంటనే కొత్త బ్యాకప్ తీయండి.

అందరూ వదిలేసేది ఇదీ: మీ ఒక్కరి తాళం చాలదు. గ్రూపులో 40 మంది ఉంటే 40 కాపీలు. మీరు "డిలీట్ ఫర్ మీ" నొక్కితే పోయేది మీ ఫోన్‌లోదే, మిగతా 39 అలాగే ఉంటాయి. కాబట్టి ప్రతి సభ్యుడి చేతా 1వ మెట్టు చేయించండి, గ్రూపులో డిజప్పియరింగ్ మెసేజెస్ (మెసేజీలు వాటంతటవే చెరిగిపోయే సెట్టింగ్) 7 రోజులకు పెట్టండి.

లింక్డ్ డివైసెస్ కూడా చూడండి. మేత షాపు కంప్యూటర్లో వాట్సాప్ వెబ్ తెరిచి వదిలేసి ఉండొచ్చు.

మామూలు కాల్స్‌లో ఎవరు ఎవరికి ఎప్పుడు చేశారన్న రికార్డును టెలికాం కంపెనీ కనీసం 2 ఏళ్లు ఉంచాలి. దాన్ని ఆపే సెట్టింగ్ లేదు.