చెక్ బౌన్స్ కేసులో నిజంగానే జైలుకి పంపిస్తారా?

మీ బావగారు సరుకు బాకీ కింద 3 లక్షలకి చెక్కు ఇస్తే అది బౌన్స్ అయ్యి లాయర్ నోటీసు వచ్చింది, పోలీసులొచ్చి తీసుకెళ్తారా అని అడిగారు కదా. ఇప్పుడే రారండి. ఇది స్టేషన్లో ఎఫ్ఐఆర్ కట్టే కేసు కాదు, నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ యాక్ట్ సెక్షన్ 138 కింద డబ్బులు రావాల్సినోళ్ళే మేజిస్ట్రేట్ కోర్టులో కంప్లైంట్ వేసుకోవాలి, పైగా బెయిల్ వచ్చే కేసే.

నేను డబ్బులు రావాల్సిన వైపు నుంచి ఈ కేసు నడిపినవాణ్ణి. చట్టంలో శిక్ష గట్టిదే, 2 ఏళ్ళ దాకా జైలు, లేదంటే చెక్కు మీద రాసినదానికి రెండింతల దాకా జరిమానా, లేదా రెండూ. అంటే మీ 3 లక్షలకి 6 లక్షల దాకా పడొచ్చు. కానీ నేను వాయిదాలకి వెళ్ళి కూర్చుని చూసినంతలో జడ్జిగారు ప్రతి కేసులో అడిగేది ఒకటే, ఎంత కడతారు, ఎప్పుడు కడతారు అని. రాజీకి ఏ స్టేజీలో అయినా దారి ఉంది.

మరి జైలు మాట ఎందుకు వినపడుద్దంటే, మా కేసులో మాకు డబ్బులు ఇవ్వాల్సినాయన సంగతే చెప్తా. నోటీసు పంపితే తీసుకోలేదు, తలుపు తాళం అని వెనక్కొచ్చింది, సరైన అడ్రసుకి పంపితే అందినట్టే లెక్క అని పాపం ఆయనకి ఎవరూ చెప్పలేదనుకుంటా. సమన్లు అందాక కూడా వాయిదాకి రాలేదు, దాంతో కోర్టు నాన్ బెయిలబుల్ వారెంట్ ఇచ్చింది, అప్పుడు మాత్రం పోలీసులు ఇంటికెళ్ళారు. ఊళ్ళో అందరూ అప్పు ఎగ్గొట్టినందుకు పట్టుకెళ్ళారనుకున్నారు గానీ పట్టుకెళ్ళింది కోర్టుకి రానందుకు. చివరికి లోక్ అదాలత్‌లో వాయిదాల పద్ధతిలో కట్టేట్టు రాజీ అయ్యాం.

అందుకని మీ బావగారు ముందు చూసుకోవాల్సింది నోటీసు ఏ తేదీన అందిందనేది. అందినరోజు నుంచి 15 రోజుల్లో చెక్కు డబ్బులు కట్టేస్తే అసలు నేరమే అవ్వదు, ఇంతకన్నా చవకైన దారి ఇంకోటి లేదు. ఆ 15 రోజులు దాటితే అవతలోళ్ళకి కేసు వెయ్యడానికి ఒక నెల టైముంటుంది. ఇంకో సంగతి, బ్యాంకు నుంచి రిటర్న్ అయిన కబురు తెలిసిన 30 రోజుల్లో వాళ్ళు నోటీసు ఇచ్చి ఉండాలి, ఆ తేదీలు లాయర్‌తో లెక్క వేయించండి, ఒక్కోసారి కేసు అక్కడే పోద్ది.

అది సెక్యూరిటీ కోసం ఇచ్చిన ఖాళీ చెక్కండీ అనే వాదన మీద మాత్రం ఆశ పెట్టుకోకండి. సంతకం నాదే అని ఒప్పుకుంటే బాకీ ఉన్నట్టే కోర్టు మొదలెడుద్ది, లేదని చూపించాల్సింది మీ వైపే, ఖాళీ చెక్కు మీద సంతకం పెట్టిచ్చినా అంతే అని 2019లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. చెక్కుకి డబ్బులివ్వొద్దని బ్యాంకుకి చెప్పి స్టాప్ పేమెంట్ పెట్టినా, అకౌంట్ మూసేసినా 138 వదలదు. కేసు నడుస్తుండగానే చెక్కు మొత్తంలో 20 శాతం దాకా ముందు కట్టమని కోర్టు చెప్పొచ్చు, 2018లో తెచ్చారిది. శిక్ష పడి అప్పీలుకి వెళ్తే అక్కడ కూడా మామూలుగా జరిమానాలోనో నష్టపరిహారంలోనో కనీసం 20 శాతం డిపాజిట్ అడుగుతారు. నాలుగు నెలలు లోపలుండొస్తే బాకీ తీరిపోద్దిలే అనేవాళ్ళు ఉంటారు, వాళ్ళ మాట వినొద్దు, జైలుకెళ్ళొచ్చినా నష్టపరిహారం వసూలు చేసుకోవచ్చు.

చెక్కు బ్యాంకులో వేసేలోపే కొంత కట్టేసి ఉండి, వాళ్ళు ఆ సంగతి చెక్కు మీద రాయకుండా మొత్తం సొమ్ముకే వేసి ఉంటే ఆ ట్రాన్స్‌ఫర్ తాలూకు స్టేట్‌మెంట్ లాయర్‌కి ముందే ఇవ్వండి, అది మీకు బలమైన పాయింటు. ఇప్పుడు కట్టేదైనా సరే చేతికి ఇవ్వకుండా బ్యాంకు ద్వారా కట్టి, నోటీసుకి రాతపూర్వకంగా జవాబిచ్చి, చెక్కు వెనక్కి తీసుకోండి.